13 బైట్లు, 26 బైట్లు: సాకెట్ సర్వర్ నేర్పిన రెండు పుస్తకాలు

సీ భాషలో టీసీపీ సర్వర్ రాయడం ఎక్కడ నేర్చుకున్నారని ఆ పనిలో ఉన్నవాళ్లను అడిగితే ఎక్కువగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్ రాసిన 'యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్'. రెండోది బీజ్ అనే ముద్దుపేరుతో లోకానికి తెలిసిన బ్రయన్ హాల్ రాసిన 'బీజ్‌స్ గైడ్ టు నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్'. మొదటిది 1990లో వచ్చింది. 1998లో రచయితే దాన్ని తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. 1999 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాక బిల్ ఫెన్నర్, ఆండ్రూ రుడాఫ్ 2003లో మూడో కూర్పును సిద్ధం చేశారు. బల్ల మీద పెడితే చోటు ఆక్రమించే లావుపాటి పుస్తకం. రెండోది 1995లో మొదలై ఎప్పటికప్పుడు మారుతూ వస్తున్న ఉచిత గ్రంథం. పట్టుదలగా కూర్చుంటే ఒక పూటలో సగం చదివేయవచ్చు, మిగతా సగం పూటలో సర్వర్ నడిపేయవచ్చు.

ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీల్లో స్టీవెన్స్ పేరు కొత్తది కాదు. జేఎన్‌టీయూ సిలబస్‌లో నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్‌కి పాఠ్యపుస్తకంగా ఆ రెండో కూర్పు ఏళ్ల తరబడి ఉంది. బీజ్ పేరు సిలబస్ చెప్పలేదు, సీనియర్లు చెప్పారు. పరీక్షకు ఒకటి, పని జరగడానికి ఒకటి అన్నట్టు రెండూ పక్కపక్కనే బతికాయి. కానీ రెంటినీ ఎదురెదురుగా తెరిచి, ఒకే సర్వర్‌ని ఎవరు ఎలా కట్టించారో వరసవారీగా చూసినవాళ్లు తక్కువ. అలా చూస్తే తేడా సులభం, కష్టం అన్న మాటల్లో ఇమడదు. అవతలి యంత్రాన్ని, మధ్యలో ఉన్న తీగను, తన కెర్నల్‌ని ప్రోగ్రామర్ ఎంతవరకు నమ్మవచ్చన్న దగ్గర ఈ ఇద్దరూ విడిపోతారు.

ముందుగా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది. 1983లో బెర్క్‌లీ నుంచి 4.2బీఎస్‌డీతో బయటికి వచ్చిన సాకెట్ కాల్స్ ఇప్పటికీ అవే. సాకెట్ తెరవాలి, బైండ్‌తో దానికొక పోర్టు ఇవ్వాలి, లిజన్‌తో దాన్ని వినేదిగా మార్చాలి, యాక్సెప్ట్‌తో వచ్చిన కనెక్షన్ అందుకోవాలి. యాక్సెప్ట్ కొత్త డిస్క్రిప్టర్ ఒకటి ఇస్తుంది. పాతది వింటూనే ఉంటుంది, మాట్లాడేది కొత్తదానితో. మొదటిసారి నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఇద్దరు రచయితలూ ఈ తేడాను చక్కగా పట్టించారు కాబట్టి ఇక్కడ ఆగనక్కర్లేదు.

ఆగవలసింది వాళ్ల మొదటి ఉదాహరణల దగ్గర. స్టీవెన్స్ ఎంచుకున్నది డేటైమ్ సర్వర్. 13వ నంబరు పోర్టులో కూర్చుని, ఎవరు కలిసినా ఆ క్షణపు తేదీ, సమయం పంపి లైన్ మూసేస్తుంది. సీటైమ్ ఫంక్షన్ ఇచ్చే 24 అక్షరాలు, చివర రెండు లైను ముగింపు గుర్తులు, మొత్తం 26 బైట్లు. బీజ్ సర్వర్ 3490 పోర్టులో కూర్చుని 'హలో, వరల్డ్!' అని పంపుతుంది. ఇంగ్లిష్‌లో అది 13 బైట్లు, ఆ సంఖ్యను సెండ్ కాల్‌లో నేరుగా రాసేశారు. రెండు సర్వర్లూ చేసేది ఒకటే: చిన్న మాట పంపడం, మూసేయడం. అందుకే వీటిని పక్కపక్కన పెట్టడం న్యాయం.

ఇప్పుడు ఆ మాటను అందుకునే క్లయింట్లను చూడండి. స్టీవెన్స్ పుస్తకంలోని మొట్టమొదటి ప్రోగ్రామ్ ఈ డేటైమ్ క్లయింటే. అందులో రీడ్ కాల్ ఒక వైల్ లూప్‌లో ఉంటుంది. సున్నా వచ్చేదాకా చదువుతూనే పోతుంది. ఎందుకో కూడా అక్కడే, మొదటి అధ్యాయంలోనే చెప్పారు. ఆ 26 బైట్లు ఒకే సెగ్మెంట్‌లో రావచ్చు, ఒక్కో బైటు చొప్పున 26 సెగ్మెంట్లలో రావచ్చు, ఈ రెంటి మధ్య ఏ లెక్కలోనైనా రావచ్చు. టీసీపీ బైట్ల వరసను కాపాడుతుంది, మనం పంపిన ముక్కల హద్దులను కాపాడదు. బిందెలతో కాలువలో నీళ్లు పోసినా, దిగువ చేలోకి అవి బిందెల లెక్కన చేరవు కదా. సాకెట్ అనే మాటకు నిర్వచనం కూడా పూర్తికాని చోట ఇంత లోతైన సంగతి చెప్పడం కొత్తవాళ్లకు బరువే. అయినా స్టీవెన్స్ దాన్ని వాయిదా వేయలేదు.

బీజ్ క్లయింట్ రిసీవ్ కాల్‌ని ఒకే ఒక్కసారి చేస్తుంది. వంద బైట్ల బఫర్, అందులో చివరి బైటు వదిలి 99 బైట్ల దాకా అడుగుతుంది. వచ్చింది ఎంతైతే అంత, దాని చివర సున్నా పెట్టి తెరమీద అచ్చువేసి ముగిస్తుంది. లూప్ లేదు. మీ కంప్యూటర్‌లోనే సర్వర్, మీ కంప్యూటర్‌లోనే క్లయింట్ పెట్టి వెయ్యిసార్లు నడిపినా 13 బైట్లూ చక్కగా వస్తాయి. ఆ రావడమే ప్రమాదం. అది నియమమని విద్యార్థి అనుకుంటాడు.

నమ్మనివాళ్లు చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. బీజ్ సర్వర్‌లో ఆ సెండ్ ఉన్నచోట, 13 అక్షరాలను ఒక్కొక్కటిగా, మధ్యలో ఒక్కో సెకను స్లీప్ పెట్టి పంపేలా నాలుగు పంక్తుల లూప్ రాయండి. క్లయింట్‌ని ముట్టుకోవద్దు. నడిపితే క్లయింట్ మొదటి అక్షరం 'హెచ్' ఒక్కటే అచ్చువేసి, అంతా సవ్యంగా జరిగినట్టు ముగిసిపోతుంది. తప్పు సందేశం ఏదీ రాదు, ఎగ్జిట్ కోడ్ కూడా సున్నాయే. ఇదే పని స్టీవెన్స్ క్లయింట్‌తో చేస్తే 12 సెకన్లకు పైగా ఓపిగ్గా కూర్చుని మొత్తం మాట అందిస్తుంది.

ఈ పరీక్ష ఇక్కడితో ఆగదు, సర్వర్ వైపు ఇంకో కథ నడుస్తుంది. క్లయింట్ వెళ్లిపోయిందని తెలియక సర్వర్ ఈ కనెక్షన్ కోసం ఫోర్క్ చేసిన పిల్ల ప్రాసెస్ రెండో అక్షరం పంపుతుంది. ఆ సెండ్ గెలిచినట్టే తిరిగి వస్తుంది, ఎందుకంటే సెండ్ పని కెర్నల్ బఫర్‌కి అప్పజెప్పడం వరకే. అవతలి కెర్నల్ 'ఈ సాకెట్ ఇప్పుడు లేదు' అని ఆర్‌ఎస్‌టీ పంపుతుంది. ఒక సెకను తర్వాత మూడో అక్షరం పంపబోగానే మన కెర్నల్ సిగ్‌పైప్ సిగ్నల్ ఇస్తుంది. దాన్ని పట్టుకోకపోతే ప్రాసెస్ అక్కడికక్కడే చస్తుంది. తల్లి ప్రాసెస్ ఆ చావుని వెయిట్‌పిడ్‌తో శుభ్రం చేస్తుంది గానీ, ఎలా చచ్చిందన్న వివరం వేసుకునే చోట నల్ ఇచ్చారు కనుక ఆ సంగతి ఎవరికీ తెలియదు. సర్వర్ తెరమీద ఒక్క ముక్క కనబడదు.

సరిగ్గా ఈ సన్నివేశాన్ని స్టీవెన్స్ ఐదో అధ్యాయంలో, సర్వర్, క్లయింట్ పాత్రలు తారుమారు చేసి, విడమరిచి చెప్పారు. చచ్చిపోయిన అవతలి ప్రాసెస్‌కి చేసే మొదటి రైట్ ఆర్‌ఎస్‌టీ తెస్తుంది, రెండోది సిగ్‌పైప్ తెస్తుంది. నా లెక్కలో ఆ అధ్యాయం పుస్తకం మొత్తానికి గుండెకాయ. ఎకో సర్వర్ అని పేరు, ఏది పంపితే అది తిరిగి పంపడమే దాని పని, పోర్టు 9877. సర్వర్ రాయడం మొదటి రెండు మూడు పేజీల్లోనే అయిపోతుంది. మిగిలిన పేజీలన్నీ అది ఎన్ని రకాలుగా దెబ్బతింటుందో చూపించడానికే. యాక్సెప్ట్ తిరిగి రాకముందే క్లయింట్ కనెక్షన్ తెంచేస్తే ఏమవుతుంది? సర్వర్ ప్రాసెస్‌ని ఎవరైనా చంపేస్తే? ప్రాసెస్ కాదు, యంత్రమే ఆగిపోతే? ఆగి మళ్లీ లేస్తే? పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే? ప్రతిదానికీ తీగ మీద ఏ ప్యాకెట్ వెళ్తుంది, క్లయింట్‌కి ఏ ఎర్రర్ వస్తుంది, ఎంతసేపటికి వస్తుంది అన్నది చెప్పారు. యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతే బెర్క్‌లీ సంతతి వ్యవస్థలు డేటాను 12 సార్లు మళ్లీ మళ్లీ పంపి, సుమారు 9 నిమిషాల తర్వాత గాని చేతులెత్తేయవని ఆ పుస్తకం చెబుతుంది. ఆ 9 నిమిషాలూ క్లయింట్ రీడ్‌లోనే నిలబడి ఉంటుంది. ఉత్పత్తిలో ఉన్న సర్వర్ 'హ్యాంగ్ అయింది' అని ఫోన్ వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యం గుర్తున్నవాడికీ లేనివాడికీ మధ్య రాత్రంతా పట్టే పని ఉంటుంది.

బీజ్ పుస్తకంలో ఈ చావుల అధ్యాయం లేదు. దాన్ని లోపమనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఆయన ఆ మాట ఇవ్వలేదు. ఆయన ఇచ్చిన మాట వేరు: సాకెట్లంటే బెంబేలెత్తిన మనిషిని చెయ్యిపట్టి గట్టు ఎక్కిస్తానన్నారు, ఎక్కించారు. కానీ క్లయింట్‌లో ఆ ఒక్క లూప్ లేకపోవడం మాత్రం లోపమే. వెనక ఎక్కడో, కాస్త ముదిరిన సంగతులు చెప్పే భాగంలో, సెండ్ మొత్తం పంపకపోవచ్చని చెప్పి, మిగిలింది మళ్లీ పంపే 'సెండాల్' అనే చిన్న ఫంక్షన్ ఇచ్చారు. అక్కడ చెప్పింది పూర్తిగా సరైనది. కానీ మొదటి ఉదాహరణ చేతికి అలవాటైపోతుంది, వెనకటి భాగం చాలామంది తెరవరు. పాఠ్యపుస్తకంలో మొదటి ప్రోగ్రామ్‌కి ఉన్న బలం మరే పేజీకీ ఉండదు. ఆ సంగతి స్టీవెన్స్‌కి తెలుసు.

లూప్ లేకపోవడం వల్ల ఇంకొక నష్టం ఉంది, దాన్ని ఎవరూ ఎత్తిచూపగా నేను చూడలేదు. ఫోర్క్ చేసే సర్వర్‌లో తల్లి, పిల్ల ఇద్దరి దగ్గరా కనెక్షన్ డిస్క్రిప్టర్ ఉంటుంది. పిల్ల వినే సాకెట్‌ని మూసేయాలి, తల్లి మాట్లాడే సాకెట్‌ని మూసేయాలి. బీజ్ సర్వర్ ఈ రెండూ చేస్తుంది, పక్కన రెండు చిన్న కామెంట్లతో. స్టీవెన్స్ దీనికి బొమ్మలు గీసి మరీ డిస్క్రిప్టర్ లెక్క ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో చూపారు. తల్లి మూయడం మరిచిపోయిందనుకుందాం. పిల్ల మూసినా లెక్క సున్నాకి రాదు, కాబట్టి లైన్ ముగిసిందని చెప్పే ఫిన్ ప్యాకెట్ వెళ్లదు. స్టీవెన్స్ క్లయింట్ సున్నా కోసం ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతుంది, తప్పు మొదటి పరుగులోనే బయటపడుతుంది. బీజ్ క్లయింట్ మొదటి రిసీవ్‌తోనే తృప్తిపడి వెళ్లిపోతుంది కనుక ఆ తప్పు కనబడదు. సర్వర్‌లో డిస్క్రిప్టర్లు ఒక్కొక్కటే పేరుకుని, రోజుల తర్వాత యాక్సెప్ట్ ఇక ఇవ్వలేనని చెప్పినప్పుడు బయటపడుతుంది. అంటే మంచి క్లయింట్ సర్వర్‌కి పరీక్షాధికారి కూడా.

ఇంతవరకు చదివి బీజ్ పుస్తకం పక్కన పడేయాలని తొందరపడవద్దు. తప్పులను పట్టుకునే పద్ధతి దగ్గర తూకం మారుతుంది.

స్టీవెన్స్ డేటైమ్ సర్వర్ 30 పంక్తులు మించదు. బీజ్ సర్వర్ 100 దాటుతుంది. ఆ తేడాకి ఒక కారణం స్టీవెన్స్ కట్టుకున్న చుట్టు ఫంక్షన్లు. సాకెట్, బైండ్, లిజన్ అన్న ప్రతి కాల్‌కీ పెద్ద అక్షరంతో మొదలయ్యే జోడీ ఫంక్షన్ ఒకటి ఉంటుంది. అది లోపల అసలు కాల్ చేసి, తప్పు వస్తే సందేశం అచ్చువేసి ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. ఇవన్నీ 'యూఎన్‌పీ డాట్ హెచ్' అనే సొంత హెడర్‌లోనూ, దాని లైబ్రరీలోనూ ఉంటాయి. పేజీ మీద ఎంత శుభ్రంగా ఉంటుందో చెప్పలేం. సర్వర్ ఎముకల గూడు ఒక్క చూపులో కనబడుతుంది.

కానీ ఆ లైబ్రరీ దగ్గర లేని విద్యార్థి ఏం చేస్తాడు? కంపైల్ కాదు కాబట్టి పెద్ద అక్షరాన్ని చిన్న అక్షరం చేస్తాడు. కంపైల్ అవుతుంది, నడుస్తుంది. ఆ ఒక్క అక్షరంతో పాటు తప్పుల తనిఖీ మొత్తం ఎగిరిపోయిందని అతనికి తెలియదు. కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో నేను చూసిన ఎకో సర్వర్లలో చాలావాటికి ఇదే జబ్బు. బైండ్ విఫలమైనా ప్రోగ్రామ్ ముందుకే పోతుంది, లిజన్ ఏదో ఒక పోర్టు మీద వింటుంది, క్లయింట్ మాత్రం కలవదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. ప్రపంచంలోనే అంత జాగ్రత్తగా రాసిన పుస్తకం నుంచి అంత అజాగ్రత్త ప్రోగ్రాములు పుట్టడానికి ఆ చక్కని చుట్టు ఫంక్షన్లే దారి చేశాయి. బీజ్ ప్రతి కాల్ పక్కనే తనిఖీ పెట్టి, పెరర్‌తో కారణం చెప్పించి, పొడవు పెరిగినా సరే దాచకుండా చూపారు. అలాగే కాపీ చేస్తే అలాగే నడుస్తుంది. కాపీ చేయబడటమే తన రాత అని తెలిసిన రచయిత కోడ్ అది.

బైండ్ విఫలం అన్నాను కాబట్టి ఆ సంగతి. సర్వర్‌ని ఆపి వెంటనే మళ్లీ నడిపితే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని వస్తుంది. ముందుగా లైన్ మూసినవాడి వైపు ఆ కనెక్షన్ టైమ్‌వెయిట్ స్థితిలో కొంతసేపు ఉంటుంది. లినక్స్‌లో అది 60 సెకన్లు. ఈ రెండు సర్వర్లూ తామే ముందు మూస్తాయి గనుక ఈ దెబ్బ సర్వర్‌కే తగులుతుంది. బైండ్‌కి ముందు రీయూజ్‌అడ్రస్ అనే ఆప్షన్ పెడితే చాలు. బీజ్ మొదటి సర్వర్‌లోనే పెట్టారు. స్టీవెన్స్ దీన్ని ఏడో అధ్యాయంలో, టీసీపీ సర్వర్లన్నీ పెట్టుకోవలసిన ఆప్షన్ అని గట్టిగా చెప్పారు. కానీ మొదటి అధ్యాయపు సర్వర్‌లోనూ, ఐదో అధ్యాయపు సర్వర్‌లోనూ అది లేదు. మొదటి ప్రోగ్రామ్ బలం గురించి పైన అన్న మాట ఇక్కడ స్టీవెన్స్‌కీ తగులుతుంది.

చచ్చిన పిల్ల ప్రాసెస్‌లను ఎత్తివేసే చోట ఇద్దరి స్వభావాలూ స్పష్టంగా కనబడతాయి. పిల్ల ముగిస్తే తల్లికి సిగ్‌చైల్డ్ వస్తుంది. తల్లి పట్టించుకోకపోతే పిల్ల జాంబీగా ప్రాసెస్ పట్టికలో ఉండిపోతుంది. బీజ్ సరైన జవాబుని సిద్ధంగా ఇస్తారు: హ్యాండ్లర్‌లో వెయిట్‌పిడ్, ఆగవద్దన్న గుర్తుతో, లూప్‌లో. స్టీవెన్స్ ముందు తప్పు జవాబు ఇస్తారు. హ్యాండ్లర్‌లో వెయిట్ ఒక్కసారి పిలిచి, అది బాగానే పనిచేస్తున్నట్టు చూపించి, తర్వాత ఐదు కనెక్షన్లు ఒకేసారి ముగించే క్లయింట్ రాసి, నలుగురు జాంబీలు మిగిలిపోవడం కళ్లకు కట్టిస్తారు. ఎందుకంటే యునిక్స్ సిగ్నళ్లు మామూలుగా వరసలో నిలబడవు, ఐదు వచ్చినా హ్యాండ్లర్ ఒక్కసారే నడవవచ్చు. ఆ తర్వాతే లూప్ వస్తుంది. ఆ నలుగురు జాంబీలను తెరమీద చూసినవాడు జన్మలో ఆ లూప్ మరిచిపోడు. బోధన అంటే నాకు ఇదే.

అయినా ఆ చోటే బీజ్ హ్యాండ్లర్‌లో స్టీవెన్స్ హ్యాండ్లర్‌లో లేని పంక్తులు రెండున్నాయి. ఎర్నో విలువను మొదట దాచిపెట్టి, చివర తిరిగి పెట్టడం. హ్యాండ్లర్ ఎప్పుడైనా దూరవచ్చు. అసలు ప్రోగ్రామ్ ఒక కాల్ విఫలమై ఎర్నోని చదవబోతున్న క్షణంలో వెయిట్‌పిడ్ వచ్చి దాన్ని చెరిపేస్తే, తప్పుడు కారణం అచ్చవుతుంది. అలాంటి బగ్ దొరకాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. పైగా స్టీవెన్స్ హ్యాండ్లర్ లోపల ప్రింట్‌ఎఫ్ వాడుతూ, అలా వాడటం మంచిది కాదని పక్కనే చెప్పారు. ఉదాహరణకు సౌకర్యమే గాని, కాపీ చేసేవాడు పక్కనున్న హెచ్చరికను కాపీ చేయడు.

యాక్సెప్ట్ విఫలమైతే ఏం చేయాలన్నది ఇద్దరూ సగమే చెప్పిన సంగతి. స్టీవెన్స్ సిగ్నల్ వల్ల మధ్యలో తెగిన యాక్సెప్ట్‌ని గుర్తించి మళ్లీ పిలుస్తారు, మరే తప్పు వచ్చినా సర్వర్‌ని ఆపేస్తారు. బీజ్ ఏ తప్పు వచ్చినా సందేశం వేసి లూప్ మొదటికి పోతారు. ఒకే ఒక క్లయింట్ కనెక్షన్ తెంచుకున్నందుకు సర్వర్ మొత్తం పడిపోవడం అన్యాయం. అదే సమయంలో డిస్క్రిప్టర్లు అయిపోయిన సర్వర్ సెకనుకి వేలసార్లు అదే తప్పు అచ్చువేస్తూ సీపీయూని తినేయడం కూడా సర్వర్ అనిపించుకోదు. బీజ్ పద్ధతిని పెట్టుకుని, డిస్క్రిప్టర్ల కొరత వచ్చినప్పుడు కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించేలా చేయడం నాకు తోచిన మార్గం.

లిజన్‌కి ఇచ్చే బ్యాక్‌లాగ్ అంకె గురించి ఒక్క మాట. బీజ్ 10 పెట్టి సాగిపోతారు. స్టీవెన్స్ 1024 పెట్టి, పూర్తికాని కనెక్షన్లకి ఒక వరస, పూర్తయినవాటికి ఒక వరస ఎలా ఉంటాయో, ఏ వ్యవస్థ ఏ అంకెకి అసలు ఎన్ని పట్టుకుంటుందో పట్టిక గీసి మరీ చెప్పారు. ఆ పట్టికలోని యంత్రాలు ఇప్పుడు మ్యూజియం సరుకు. లినక్స్‌లో 5.4 కెర్నల్‌తో పైహద్దు 128 నుంచి 4096కి పెరిగింది. రెండు వరసల వివరణ మాత్రం పాతబడలేదు.

చిరునామాల విషయంలో కాలం బీజ్ పక్షాన ఉంది. గెట్‌అడ్రిన్ఫోతో మొదలుపెట్టి, ఐపీవీ4 అయినా ఐపీవీ6 అయినా అదే కోడ్ నడిచేలా రాశారు. స్టీవెన్స్ ఐపీవీ4 నిర్మాణాన్ని చేత్తో నింపించి, ఐపీవీ6కి విడిగా మార్చి చూపించి, రెంటినీ కలిపే దారి పదకొండో అధ్యాయంలో తెరుస్తారు. అయితే బైండ్‌కి చిరునామా ఇచ్చే ప్రతిసారీ ఆ వికారమైన క్యాస్ట్ ఎందుకు రాయాలో చెప్పేది స్టీవెన్సే. 1982లో ఈ కాల్స్ రూపం తీసుకున్నప్పటికి ఆన్సీ సీ ఇంకా రాలేదు, వాయిడ్ పాయింటర్ లేదు, అందుకే అన్ని చిరునామాలకూ ఉమ్మడి పేరుగా ఒక సాధారణ నిర్మాణం పెట్టుకున్నారు. కారణం తెలిసిన క్యాస్ట్ కళ్లకు అంతగా గుచ్చుకోదు.

ఇక మిగిలింది సందేశాల హద్దులు. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. మొదటి అధ్యాయంలోనే బైట్ల ప్రవాహం గురించి హెచ్చరించిన స్టీవెన్స్ ఎంచుకున్న సర్వర్లు రెండూ ఆ సమస్య రాని జాతివి కావడం విచిత్రం. డేటైమ్ సర్వర్‌లో లైన్ మూయడమే మాట ముగింపు. ఎకో సర్వర్‌కి మాట ఎక్కడ ముగిసిందో తెలియాల్సిన పనే లేదు, వచ్చింది వచ్చినట్టు తిప్పి పంపితే చాలు. రెండో కూర్పులో ఎకో సర్వర్ రీడ్‌లైన్‌తో ఒక్కో లైను చదివేది. మూడో కూర్పులో ఫెన్నర్, రుడాఫ్ దాన్ని తీసేసి సాదా రీడ్ పెట్టారు, లైన్లను నమ్మవద్దు, బఫర్లను నమ్మమని మూడో అధ్యాయంలో చెప్పిన మాటకు కట్టుబడి. ఆ మార్పు మంచిదే. జేఎన్‌టీయూ పుణ్యమా అని మన దగ్గర చాలామంది చదివింది మాత్రం రీడ్‌లైన్ ఉన్న కూర్పు.

కానీ ఒకే కనెక్షన్ మీద ఒకదాని వెనక ఒకటిగా మాటలు పోవాలంటే, ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నకి చేతికి దొరికే జవాబు బీజ్ దగ్గర ఉంది. చాట్ ప్రోగ్రామ్ ఉదాహరణగా ఒక ప్యాకెట్ గీశారు. మొదటి బైటు పొడవు, తర్వాత 8 బైట్లు పేరు, ఆ తర్వాత 128 దాకా మాట. అంతటితో ఆపకుండా, అందుకునేవాడు రెండు ప్యాకెట్లు పట్టేంత బఫర్ పెట్టుకోవాలన్నారు. ఒక ప్యాకెట్ చివర, తర్వాతి ప్యాకెట్ మొదలు ఒకే రిసీవ్‌లో రావచ్చు. మొదటిది తీసుకుని, మిగిలిన తోకను బఫర్ ముందుకి జరిపి, దాని పొడవు బైటు చూసి, నిండేదాకా మళ్లీ చదవాలి. మొదటి క్లయింట్‌లో దాటవేసిన మనిషే ఇక్కడ ఆ సమస్యని స్టీవెన్స్ మొదటి రెండు సర్వర్ల కన్నా సూటిగా ఎదుర్కొన్నారు. ఆ రెండు మూడు పేజీలు చదివి, కాగితం మీద బఫర్ గీసుకుని, ఒకటిన్నర ప్యాకెట్ వచ్చినప్పుడు ఏ గడిలో ఏముంటుందో నింపి చూసినవాడికి టీసీపీ అర్థమైనట్టే.

ఆ ప్యాకెట్‌లో ఒక బైటు పొడవు కాబట్టి 255 దాటి అబద్ధం చెప్పడం ఎవరికీ కుదరదు. సొంత ప్రోటోకాల్‌లో దాన్ని 4 బైట్లకి పెంచుకునేవాళ్లు పంపేటప్పుడు హెచ్‌టాన్ఎల్‌తో బైట్ల వరస తిప్పాలి, అందుకున్నాక ఎన్‌టోహెచ్ఎల్‌తో తిరిగి మార్చాలి. ఆ అంకె తెలియని మనిషి పంపింది గనుక, ఒక్క బైటు కాపీ చేయకముందే దాన్ని బఫర్ సైజుతో పోల్చి, పెద్దదైతే ఆ కనెక్షన్‌ని అక్కడే మూసేయాలి.